ముంజేతి గుర్తు

ముంజేతి కంకణమునకు అద్దమెందుకని మనవారు తరతరములుగా చెప్పుచున్నారు. కన్నులయెదుట నున్నదానికి వేరొక సాక్ష్య మక్కరలేదని దాని భావము. సామెత మంచిదే. కాని ముంజేతిమీద కనబడునదెల్ల తనంతట తానే అర్థమగునని దీనివలన తలపరాదు. కంకణము ఎవరికైనను కంకణముగనే కనబడును. వైద్యుడు సూదితో ఒక బిందువు మందు నెక్కించిన రెండుమూడు దినములకు అచ్చటనే గట్టిపడి లేచు చిన్న పొంగు అట్లు కాదు. దానిని చూచి యొకరు రోగమందురు, ఒకరు కళంకమందురు, మరియొకరు పూర్వజన్మకర్మ మందురు. అది నిజముగా నేమో తెలియుటకు అద్దము కావలసియే యున్నది. ఆ యద్దము కొంత శాస్త్రము, కొంత నీతి. ఆ రెండింటిని గూర్చి మేమీ వ్యాసమున విచారింపదలచితిమి.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాటమీద నల్లగొండ జిల్లాలో నకిరేకల్ అను పట్టణము గలదు. ఆ ప్రాంతపు నిమ్మతోటలును, అచ్చటి నిమ్మకాయల మార్కెట్టును చాలమంది యెరిగినవే. ఆ యూర మాకు తెలిసిన కుటుంబ మొకటి యున్నది. వారి పేరు చెప్పుట న్యాయము కాదు గనుక చెప్పము. ఆ యింటి పెద్దకొడుకు లారీ నడపువాడు. అతడు నెలలతరబడి దగ్గుచుండెను. బీడీ దగ్గని కొన్నాళ్లు, దుమ్ము దగ్గని కొన్నాళ్లు గడిపిరి. తుదకు తెమడ పరీక్షింపగా క్షయ యని తేలెను. మందులు మొదలయ్యెను. పిమ్మట ఆరోగ్యకార్యకర్త యింటికి వచ్చి, కలిసి కాపురముండు తక్కినవారికిని చర్మపరీక్ష చేయించుట మంచిదని చెప్పెను. తండ్రి తనకును, భార్యకును, చిన్నకొడుకునకును సరే యనెను. కూతురి మాట వచ్చునప్పటికి అడ్డుచెప్పెను.

“పిల్లకు సంబంధాలు చూస్తున్నం. ఇప్పుడు సూది ఏస్తే, చెయ్యి మీద లేస్తే, ఊరు ఊకుంటదా? దానికి దగ్గు లేదు, జరం లేదు. మంచిగున్న పిల్లను మంచిగనే ఉండనియ్యండి” అని ఆయన మాతో ననెను.

ఆ మాటకు మాయొద్ద వెంటనే చెప్పదగిన బదులు లేకపోయెను. ఆయన మూఢుడు కాడు, కఠినుడును కాడు. కొడుకు మందు ఒక్కపూటయైన తప్పనీయనివాడు. కూతురిమీది ప్రేమచేతనే అట్లు పలికెను. ఆయన మాటను విప్పిచూచినచో అందు గట్టి ప్రశ్న యొకటి యున్నది. రోగము లేనివారు, రోగము రావచ్చునేమో యని తెలిసికొనుట ధర్మమా? తెలిసికొనుటవలన లోకము కీడు చేయునప్పుడు, తెలియకుండుటయే మేలు కాదా?

ముందుగా ఆ పరీక్ష యేమి చెప్పునో, ఏమి చెప్పదో చూతము. ముంజేతి లోపలివైపున, చర్మపు పొరల నడుమకు, మిల్లీలీటరులో పదియవవంతు మందును సన్నని సూదితో నెక్కింతురు. ఆ మందులో ప్రాణముగల క్రిమి లేదు. క్షయక్రిములకు సంబంధించిన, శుద్ధిచేసిన మాంసకృత్తులు మాత్రమే కలవు. కావున ఆ సూదివలన క్షయ యంటుకొనదు. పూర్వమెన్నడైన క్షయక్రిమి ఆ దేహమున ప్రవేశించి యున్నచో, రక్షకకణములు ఆ మాంసకృత్తులను గుర్తుపట్టి అచ్చోట గుమిగూడును. 48 మొదలు 72 గంటలలోపల చర్మము గట్టిపడి లేచును. పరీక్షించువారు ఎరుపును లెక్కగొనరు. గట్టిపడినంతమేర వ్రేలితో తడిమి, దాని అడ్డుకొలతను మిల్లీమీటర్లలో కొలుతురు. పాత పరీక్షలో సామాన్యముగా 10 మిల్లీమీటర్లుగాని అంతకు మించిగాని యున్నచో క్రిమి సోకినదని యెంతురు. హెచ్‌ఐవీవలన రక్షణశక్తి తగ్గినవారియందు 5 మిల్లీమీటర్లనే గుర్తుగా గొందురు.

ఊరి కావలివాని సంగతి తలచుకొనుడు. ఒకమారు దొంగను చూచినవాడు, పిమ్మట ఆ దొంగ అంగీని చూపినను కేకవేయును. ఆ కేకవలన మనకు తెలియున దొక్కటే: వీడు ఆ దొంగను ఎన్నడో చూచియున్నాడు. దొంగ యిప్పుడు ఇల్లు దోచుచున్నాడో, అటకమీద ముడుచుకొని నిద్రించుచున్నాడో, ఎన్నడో పారిపోయెనో ఆ కేక చెప్పదు. ముంజేతి గుర్తు కూడ నంతియే. అది రోగమునకు గుర్తు కాదు, క్రిమితోడి పరిచయమునకు గుర్తు. రోగమున్నదో లేదో తేల్చుటకు ఛాయాపటము తీయవలెను, తెమడ చూడవలెను. గుర్తు లేనంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. క్రిమి క్రొత్తగా ప్రవేశించిన కొన్నివారములవరకు కావలివాడు దానిని గుర్తుపట్టనేరడు. మిక్కిలి క్షీణించినవారియందు అసలు కేకవేయనే వేయడు.

ఈ పరీక్ష పుట్టిన విధము కూడ ఒక నీతిపాఠమువలె నున్నది. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు క్షయకు కారణమైన క్రిమిని కనుగొంటినని బెర్లినులో ప్రకటించెను. అంతవరకు ఈ రోగము వంశములో దిగునని కొందరును, విచారమువలన పుట్టునని కొందరును చెప్పుచుండిరి. అట్టి చీకటిలో ఆయన దీపము వెలిగించెను. కాని యెనిమిదేండ్లు గడచినపిమ్మట, 1890లో, ఆ క్రిముల పెంపకమునుండి తీసిన ద్రవముతో రోగమును కుదుర్పవచ్చునని తొందరపడి చాటెను. ఆ ద్రవము దేనితో చేసినదో మొదట చెప్పనైన చెప్పలేదు. రోగులు తండోపతండములుగా బెర్లినుకు పరుగిడిరి. మందు పనిచేయలేదు సరికదా, కొందరికి రోగము ముదిరెను, కొందరు మరణించిరి. ట్యూబర్క్యులిన్ అనబడిన ఆ ద్రవము అపకీర్తి పాలయ్యెను.

అదే ద్రవము పిమ్మట మరియొక పనికి వచ్చెను. 1907లో వియన్నాలో పిర్కే అను శిశువైద్యుడు దానిని చర్మముపై గీకి, క్రిమి సోకిన బిడ్డలను గుర్తింపవచ్చునని చూపెను. మరుసటి యేట ఫ్రాన్సులో మాంటూ అను వైద్యుడు దానిని చర్మములోనికి సూదితో నెక్కించు పద్ధతిని ప్రకటించెను. మందుగా ఓడినది పరీక్షగా గెలిచెను. ద్రవము మారలేదు, దానినుండి మనుష్యుడు కోరినది మారెను. ఏ సాధనమునైనను దాని శక్తికి మించిన మాట పలికింపబోయినచో అది మనలను మోసగించును. దాని మేర యెరిగి యడిగినచో నిజము చెప్పును. ఈ మాట వైద్యులకెంత ముఖ్యమో, ఆ గుర్తును చూచి పెండ్లిసంబంధములు చెడగొట్టువారికి నంతే ముఖ్యము.

కాక్ చేసిన ద్రవములో నానావిధములైన పదార్థములు కలిసియుండెను. ఒక పాకమున్నట్లు మరియొక పాకము లేదు. దానిని శుద్ధిచేసినది ఒక స్త్రీ యని మా సోదరీమణులు తెలిసికొనదగును. అమెరికాలో ఫ్లారెన్స్ సైబర్ట్ అను రసాయనశాస్త్రజ్ఞురాలు, చిన్ననాడు పోలియోవలన కాళ్లు బలహీనపడినను, ఏండ్లతరబడి ప్రయోగశాలలో నిలిచి ఆ మాంసకృత్తులను వేరుచేసెను. ఆమె శుద్ధిచేసిన సరకు 1941లో అమెరికాలోను, 1952లో ప్రపంచ ఆరోగ్యసంస్థయందును ప్రమాణముగా నంగీకరింపబడెను. అయినను ఒక లోపము మిగిలెను. ఆ శుద్ధపదార్థములో కూడ పలు మాంసకృత్తులు కలవు. వానిలో కొన్ని బీసీజీ టీకాలోని క్రిమియందును, మన మట్టిలో నీటిలో నుండు నిరపాయమైన జ్ఞాతిక్రిములయందును గలవు. అనగా కావలివానికి చూపిన బట్టలమూటలో దొంగ అంగీతోపాటు వాని దాయాదుల అంగీలును కలిసియున్నవి. శైశవమున బీసీజీ వేయించుకొన్నవారు కోట్లకొలది గల మనదేశమున ఈ లోపము చిన్నది కాదు.

ఆ లోపమును చాలవరకు తీర్చు క్రొత్త పరీక్ష ఇటీవల వచ్చినది. బీసీజీ క్రిమిని కల్మెట్, గెరాన్ అను ఫ్రెంచివారు 1908 మొదలు 1921 వరకు మరల మరల పెంచి సాధువుగా జేసిరి. ఆ సాధువగుటలో అది కొన్ని మాంసకృత్తులను పోగొట్టుకొన్నది. క్షయక్రిమియందుండి బీసీజీయందు లేని అట్టి రెండింటిని, ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనువానిని, వేరుగా తయారుచేసి సూదితో నెక్కించుటయే ఆ క్రొత్త పద్ధతి. మనదేశమున తయారగు సై-టీబీ అను పరీక్షకు 2022లో అనుమతి లభించెను. ఆ సంవత్సరముననే ప్రపంచ ఆరోగ్యసంస్థయు ఇట్టి పరీక్షలను ఆమోదించెను. దాయాదుల బట్టలు తీసివేసి దొంగ బట్టలు మాత్రమే చూపుట యన్నమాట. నిరపరాధిని దోషిగా చూపు పొరపాటు దీనివలన మిక్కిలి తగ్గినది. కాని పరిచయమునకును రోగమునకును గల భేదమును ఇదియు తేల్చజాలదు.

ఇక తండ్రి ప్రశ్నకు వత్తము. క్షయక్రిమి సోకినవారిలో నూటికి అయిదు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలమున నెన్నడో రోగము పైకివచ్చును. సోకిన మొదటి రెండేండ్లలో భయ మెక్కువ. తక్కిన తొంబదిమంది నివురుగప్పిన నిప్పును మోయుచునే బ్రదికి, మరియొక కారణమున కాలధర్మము నొందుదురు. నిప్పు నివురు చాటున నున్నంతకాలము వారివలన ఒరులకు సోకదు. ఇట్టిచో పదిమందికొరకు నూరుమందిని సూదితో పొడుచుటేల, మాత్రలు మ్రింగించుటేల యని యడుగవచ్చును. ఆ మాత్రలు కొందరికి కాలేయమును బాధించుట కూడ కలదు. ఈ యాక్షేపమును మేము తేలికగా త్రోసివేయము.

మన తెలుగుగడ్డమీదనే ఈ తగవు ఒకమారు నడచినది. రాయలసీమలో మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయచికిత్సాలయము నెలకొనెను. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి మొదటి పెద్ద. 1948లో బీసీజీ టీకాను మనదేశమున ప్రయోగాత్మకముగా ప్రారంభించిన చోట్లలో మదనపల్లె యొకటి. నాటి పద్ధతిలో మొదట ట్యూబర్క్యులిన్ పరీక్ష చేసి, గుర్తు రానివారికే టీకా వేయుచుండిరి. వేలకొలది పల్లెజనులు చేతులు చాచిరి. 1955లో రాజాజీగారు ఈ సామూహికపు టీకాను బహిరంగముగా నెదిరించిరి. టీకా వేయుచున్న వైద్యులందరు పొరబడిరని మేమనము. ఆ టీకా పసిబిడ్డలను మెదడుపొరల క్షయవంటి ఘోరరూపములనుండి కాపాడునని నేడెరుగుదుము. కాని 1968లో చెంగల్పట్టు ప్రాంతమున ప్రారంభమైన పెద్ద పరిశోధన, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని పిమ్మట తేల్చెను. కావున అడిగినవారిని అజ్ఞానులని త్రోసివేయుట తగదు. ప్రజలకు చేయు మేలైనను ప్రజల నడిగియే చేయవలెను.

ఆ కాలమున మరియొక సంగతి మాకు తోచుచున్నది. సూదిపరీక్షలో గుర్తు వచ్చినవారిని టీకా లేకుండ నింటికి పంపుచుండిరి. వారికేమియు నీయలేదు, ఇచ్చుటకును చేతిలో నేమియు లేదు. నివారింపలేని దానిని తెలుపుట తెలిసికొన్నవానికి భారమే. ఆనాడు ఈ తండ్రి తన ప్రశ్న యడిగియుండినచో ఆయనదే పైచేయి యని మేమొప్పుకొందుము. కాని 1952లో ఐసోనియాజిడ్ అను మందు వచ్చెను. అయిదారేండ్లకు అలాస్కాలో జార్జి కామ్‌స్టాక్ అను వైద్యుడు, రోగము రాకముందే దానినిచ్చినచో రోగమును ఆపునా యని పరీక్షింపబూనెను. పల్లెజనులను మందు మ్రింగుడని యడుగుటకు సాహసించినవాడు, తానును తన కుటుంబమును అదే మందు మ్రింగెను. ఆ పల్లెలలో క్షయ సగమునకు పైగా తగ్గెను. ఉపదేశించువాడు మొదట తన చేయి చాపవలెనను ధర్మమును ఆయన మాటతోగాక చేతతో చూపెను. నాటినుండి తెలియుటకు ఫలమున్నది. ఇప్పుడు ఆరునెలలు దినదినము ఐసోనియాజిడ్ మాత్రలుగాని, పండ్రెండువారములు వారమునకొకమారు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపిగాని మ్రింగవచ్చును. చేయదగినది యున్నప్పుడు తెలియకుండుట శాంతి కాదు, కన్ను మూసికొనుట మాత్రమే.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. ఈ జ్ఞానముయొక్క ఫలము ఒకరికి, దాని కీడు మరియొకరికి కలుగరాదు. పరీక్షించువారు గుర్తును చూచి, కాగితముపై వ్రాసికొని వెళ్లిపోయినచో అది వైద్యము కాదు, జనాభాలెక్క యగును. సూదితోపాటు రోగము లేదని తేల్చు ఛాయాపటమును, మందును, మందు పడకపోయినచో చూచు వైద్యునిని, అన్నిటికి మించి రహస్యమును కాపాడు నోటిని ఇచ్చినప్పుడే పరీక్ష ధర్మబద్ధము. కేవలము మాత్రలతోను పని తీరదు. జార్ఖండులో క్షయరోగుల యిండ్లవారికి ఆహారధాన్యములిచ్చి చూడగా, 2023లో వెల్లడియైన ఆ ఫలితమునుబట్టి, ఆ యిండ్లలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి సుమారు నలుబదివంతులు తగ్గినది. ఆకలియే నివురును ఊదివేయు గాలి. కంచమున పప్పు లేనివాని ముంజేతిని మాత్రము కొలుచుచు కూర్చుండుట సంఘమునకు సిగ్గు.

ఇక ఊరు ఊకుంటదా యను మాట. దీనికి శాస్త్రము చెప్పు బదులు సులభము. గుర్తు గల పిల్ల రోగి కాదు, ఎవరికిని రోగము నంటింపదు, ఆమె బిడ్డలకు అది రక్తములో దిగదు. 2019 మొదలు 2021 వరకు మనదేశమున జరిగిన పరిశీలనలో, 15 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు ముప్పదియొక్కరికి ఈ క్రిమి సోకియున్నదని తేలెను. అనగా పెండ్లిచూపులకు వచ్చు పదిమందిలో ముగ్గురి దేహములలో నదే నివురుగప్పిన నిప్పు ఉండవచ్చును. చేయి చాచి పరీక్షింపించుకొన్న పిల్లకు కళంకమట! చాచనివాడు శుద్ధుడట! తెలిసికొన్నవారిని శిక్షించి, తెలియనివారిని గౌరవించు సంఘము తన యజ్ఞానమునకు తానే బహుమాన మిచ్చుకొనుచున్నది. ఈ శిక్ష మగవానికంటె ఆడుదానికే యెక్కువ పడుచుండుట మరింత విచారకరము. లారీ నడుపు అన్నకు క్షయ యని ఊరెల్ల నెరుగును. అతనికి పిల్లనీయమని యెవరును చెప్పలేదు. ఏ రోగమునులేని చెల్లెలి చేయిమీది పొంగునకే అందరును భయపడిరి.

మేము ఈ మాటలన్నియు ఆ తండ్రితో రెండు సాయంకాలములు చెప్పితిమి. ఆయన వినెను, కొన్నిటికి తలయూపెను. మేము మంచి వాదము చేసితిమని లోలోపల సంతోషించుకొనుచుండగా, లోపలినుండి ఆ పిల్ల వచ్చి అన్నది: “అన్నకు మందు రోజూ నేనే ఇస్తున్న. నా చెయ్యి సంగతి నాకు తెలవొద్దా? నన్నెవ్వరూ అడగకపోతిరి.”

ఆ మాటకు ఆయన తలవంచుకొనెను. మేమును వంచుకొంటిమి. ఇరువది యేండ్ల చదువుకొన్న పిల్ల చేతిని గూర్చి రెండు సాయంకాలములు మాటలాడి, ఆ చేయి ఆమెదియని ఒక్కమారైన తలపకపోతిమి. ప్రజల నడిగి చేయవలెనని మదనపల్లె కథ చెప్పిన నోటితోనే, మా యెదుటి మనిషిని అడుగుట మరచితిమి. తండ్రి ఆమె మేలుకోరి వద్దనెను, మేము ఆమె మేలుకోరి వలెనంటిమి. తప్పు ఇరువురిదియు నొక్కటే.

నలుగురును ఒకే దినమున పరీక్ష చేయించుకొనిరి. తల్లికిని కూతురికిని గుర్తు వచ్చినది, తండ్రికిని చిన్నకొడుకునకును రాలేదు. ఛాయాపటములలో ఇరువురికిని రోగము లేదని తేలెను. పండ్రెండు ఆదివారములు తల్లియు కూతురును కలిసి కూర్చుండి మాత్రలు మ్రింగిరి. వారము తప్పకుండ లెక్కపెట్టినవాడు ఆ తండ్రియే. సంబంధము మాట్లాడవచ్చినవారితో ఈ సంగతి చెప్పవలెనా యని ఆయన మమ్ము మరల నడిగెను. ఈమారు మేము బదులు చెప్పక, ఆమెనే అడుగుమంటిమి. “దాచేది లేదు, చాటేది లేదు. అడిగితే చెప్తా” అని ఆమె చెప్పెనట. అంతకంటె మంచి బదులు మాకును తోచలేదు.

పాఠకసోదరీమణులారా, మీ యింట నెవరికైన క్షయ వచ్చినచో, తక్కినవారందరును పరీక్ష చేయించుకొనుడు. ఆడపిల్ల నొకతెను విడువకుడు, ఆడపిల్ల నొకతెనే ముందుకు నెట్టకుడు. ఇంటిల్లిపాది చేతులు చాచినప్పుడు ఒకరి చేతిగుర్తు నేరముగా కనబడదు. అయిదేండ్లలోపు బిడ్డలున్నచో ఈ పరీక్షకొరకు వేచియుండక, రోగము లేదని చూపించి, నివారణమందును గూర్చి వెంటనే వైద్యునడుగుడు. పొరుగింటివారి గుర్తును గూర్చి మీకు తెలిసినచో ఆ మాటను మీయొద్దనే యుంచుకొనుడు. ఆ పొంగు కొన్నివారములలో మాసిపోవును. దానిని గూర్చి మన మాడిన మాట మాత్రము ఒక పిల్ల జీవితమున నెంతకాలము నిలుచునో యెవరు చెప్పగలరు?